అన్నం మోసుకెళ్ళే అక్షరం

షిగెన్ ఆ కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూశాడు. తర్వాత తలకిందులు చేసి చూశాడు.

"ఎటు తిప్పినా అంతే," అన్నారు చెంగ్ మాస్టారు.

"అది కాదు మాస్టారూ. ఎటునుంచి చూస్తే గీతలు తక్కువ కనిపిస్తాయా అని." కాగితాన్ని పనిబల్ల మీద పరిచి, గాలికి ఎగరకుండా అంచు మీద సుత్తి పెట్టాడు. "ఇన్నేళ్ళుగా చుట్టుపక్కల ఊళ్ళ సమాధి రాళ్ళన్నీ నేనే చెక్కుతున్నా. ఈ అక్షరం ఎక్కడా తగల్లేదు. బళ్ళో చెప్పారా మీరు? ఆ రోజు నేను రాలేదేమో."

"చెప్పలేదు. నువ్వు వచ్చిన రోజులు మాత్రం ఏమంత ఉన్నాయిలే."

షిగెన్ నవ్వి, చేతులకంటిన రాతిపొడి తొడుక్కున్న కోటుకే తుడుచుకున్నాడు. ఏటి ఒడ్డున పైకప్పు ఒకటి వేసుకుని, కింద రాళ్ళు పేర్చుకున్న పనిస్థలం అది. మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్ళలో అక్షరాల మీద బతుకుతున్నవాడు వీడొక్కడే. చూచిరాతలో ఎప్పుడూ సున్నాలు తెచ్చుకున్నవాడూ వీడే. మాస్టారికి ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా మనసుకి హాయిగా ఉండేది.

గోడకి ఆనించి ఉన్న నల్లరాయి మాస్టారి భార్య స్వేయింగ్‌ది. ఆమె పోయి ఏడాది దాటింది. సమాధి మట్టి సర్దుకునేదాకా ఆగి, ఈ చింగ్‌మింగ్ పండుగకి రాయి నిలబెట్టాలని అనుకున్నారు. పండుగ దగ్గరపడింది. ఊళ్ళో వాళ్ళంతా సమాధుల మీద పెరిగిన గడ్డి కోయడానికి కొడవళ్ళు నూరుకుంటున్నారు. రాతి మీద పైసగం అక్షరాలు షిగెన్ ఇప్పటికే చెక్కేశాడు: గతించిన పూజ్యురాలు, చెంగ్ ఇంటి తల్లి, హు. అంతవరకూ అందరి రాళ్ళ మీదా ఉండేదే. హు అన్నది ఆమె పుట్టింటి పేరు. దాని కింద 'ఆ వంశపు ఆడపడుచు' అని చెప్పే ఒక అక్షరం వస్తుంది, ఆ కింద ఇల్లాలికిచ్చే గౌరవ పదం, చివర సమాధి అన్న మాట.

మాస్టారు తెచ్చిన అక్షరం గౌరవ పదానికి ముందు చేరాలి. పోయిన ఇల్లాలికి ఆమె నడతను బట్టి ఒక్క అక్షరం బిరుదుగా ఇవ్వడం చెంగ్ వారిలో పాత వాడుక. మాస్టారి నాయనమ్మ రాతి మీద 'పొదుపు' అని ఉంది. అమ్మ రాతి మీద 'ఓర్పు'. స్వేయింగ్‌కి ఏం రాయాలా అని ఆయన చలికాలమంతా ఆలోచించారు. ఓర్పు అని రాయడానికి చెయ్యి రాలేదు. ఆవిడకి ఓర్పు లేదు. పొదుపు కూడా అంతంత మాత్రమే, చేపలు కనిపిస్తే చేతిలో డబ్బు ఆగేది కాదు. చివరికి ఒక ఉదయం మొహం కడుక్కుంటుంటే ఈ అక్షరం తనంతట తనే గుర్తొచ్చింది. కాలేజీలో చదివినప్పుడు నేర్చుకున్నది. తర్వాత ఎక్కడా, ఎవరికీ అవసరం పడనిది.

饁.

"యె అని పలకాలి," అన్నారు మాస్టారు. "ఎడమ పక్కన ఉన్నది అన్నం. కుడి పక్కన కింద గిన్నె, పైన మూత."

"క్యారేజీ అన్నమాట."

"అంతే. పొలంలో పనిచేసేవాళ్ళకి ఇంటినుంచి అన్నం మోసుకెళ్ళడం. ఆ ఒక్క పనికే ఈ అక్షరం. నెలనెలా పొలం పనులు చెప్పే పాటలు పాడుకునేవాళ్ళు చూడు వెనకటి రోజుల్లో, అందులో పెళ్ళాం పిల్లలు దక్షిణపు చేలకి అన్నం తీసుకెళ్తారు. అక్కడ వాడారు దీన్ని."

షిగెన్ కాసేపు ఆలోచించాడు. "ఇప్పుడు మా కోడలు ఫోన్లో తెప్పిస్తుంది. దానికీ ఇదే వాడొచ్చా?"

"వాడకూడదు. చేను ఉండాలి. తెచ్చే మనిషి నడిచి రావాలి."

"బాగానే ఉంది మాస్టారూ. లెక్క చూడనీండి." షిగెన్ రాతి ముందు గొంతుకూర్చుని, పైనుంచి ఒక్కో అక్షరం మీదా వేలు పెడుతూ లెక్క కట్టాడు. పుట్టుక, ముసలితనం, జబ్బు, చావు, దుఃఖం. మళ్ళీ పుట్టుక. సమాధి రాతి మీద నడిమి వరస ఎప్పుడూ పుట్టుక మీదో ముసలితనం మీదో ఆగాలి. మిగతా వాటి మీద ఆగితే ఆ ఇంటి పిల్లలకి మంచిది కాదని ఆ ప్రాంతమంతా నమ్ముతారు. నమ్మనివాళ్ళు కూడా లెక్క మాత్రం చూసుకుంటారు. "మామూలుగా చెక్కితే పుట్టుక మీద ఆగుతుంది. మీ క్యారేజీ చేరిస్తే ముసలితనం. పర్లేదు, పడుతుంది. ఇంకొకటి పెంచమంటే మాత్రం నా వల్ల కాదు, జబ్బు మీద పడుతుంది. పైవి చెక్కేశా. కింద ఒకటి తీసేద్దామంటే గౌరవ పదం తీయకూడదు, సమాధి అన్నది తీయకూడదు."

"ఇంకొకటి అక్కర్లేదు."

"పెద్దమ్మకి చెప్పారా?"

మాస్టారు కాగితం వైపు చూశారు. "రేపు వెళ్తాను."

"చెప్పకుండా నేను ఉలి పెట్టను. నన్ను తిట్టమంటే ఆవిడకి ఒక పూట చాలదు."

పెద్దమ్మ అంటే స్వేయింగ్ అక్క స్వేలాన్. ఆడమనిషి రాయి నిలబెట్టాలంటే పుట్టింటివాళ్ళు వచ్చి దానికి ఎర్రగుడ్డ కట్టాలి. రాతి మీద ఏముందో చూసుకుని, ఒప్పుకుంటేనే కడతారు. కట్టకపోతే రాయి షిగెన్ గోడకి ఆనుకుని అలాగే ఉండిపోతుంది. అలా ఉండిపోయినవి రెండు మూడు అక్కడే ఉన్నాయి, ఒకదాని మీద కోడి కూర్చుని ఉంది. స్వేయింగ్ పుట్టింటివైపు ఇప్పుడు మిగిలింది స్వేలాన్ ఒక్కతే.

*

స్వేలాన్ పెరట్లో రోలు ముందు నిలబడి, ఉడికించిన మాచిపత్రి ఆకుని బియ్యప్పిండితో కలిపి దంచుతోంది. చింగ్‌మింగ్ ఉండల కోసం. ముద్ద పచ్చగా, నిగనిగలాడుతూ రోకలికి సాగుతోంది. ఎనభై దగ్గరపడ్డా రోకలి ఎవరికీ ఇవ్వదు. మాస్టారు కేకు పొట్లాలూ, బియ్యపు సారా సీసా గడప మీద పెట్టారు.

"ఎంత పెద్ద పనిమీద వచ్చారో సీసా చూస్తేనే తెలుస్తోంది మరిదిగారూ," అంది స్వేలాన్. "చేతులు కడుక్కోండి. చెప్పేది ఉండలు చేస్తూ చెబుదురుగాని."

ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని పచ్చటి ముద్ద తీసుకుని అరచేతిలో వత్తారు. లోపల వెదురు మొలకలు, సోయా పనీరు, ఎండుమిరపకాయల కూర. అంచులు మడవడం ఆయనకి ఎప్పుడూ సరిగా రాలేదు. మొదటిది నోరు తెరుచుకుంది. స్వేలాన్ దాన్ని తీసుకుని, ఏమీ అనకుండా మూసి, పళ్ళెంలో మిగతా వాటి పక్కన పెట్టింది. అనకపోవడమే ఆయనకి గొప్పగా తోచింది. ఆవిడ సంగతి తెలిసినవాళ్ళెవరికైనా అలాగే తోస్తుంది.

ఆయన అక్షరం సంగతి చెప్పారు. అన్నం, గిన్నె, మూత. పొలానికి మోసుకెళ్ళడం.

రోకలి ఆగింది.

"అంటే వంటమనిషని రాయిస్తున్నారా?"

"అలా కాదు వదినా."

"మరెలాగ? పొద్దున్న లేచి పందులకి పెట్టి, మీ అమ్మకి పెట్టి, బడి వదిలాక చేలో ఉండే మీకు మోసి, పిల్ల నోట్లో పెట్టి, చివర చల్లారింది నిలబడి తిన్న మనిషి. చచ్చాక కూడా దాని నెత్తిన గిన్నె పెట్టాలా? రాతి మీద?"

మాస్టారు చేతిలోని ముద్దని నెమ్మదిగా గుండ్రం చేశారు. ఈ మాట వస్తుందని అనుకోలేదు. దారంతా ఆయన అనుకున్నది, ఆవిడకి చదవడం రాదు కాబట్టి అక్షరం ఎందుకని అడుగుతుందని. ఆ అక్షరం వెనక ఉన్న పాత ముచ్చట చెబితే ఆవిడ మనసు మెత్తబడుతుందని.

"ఒక కథ ఉంది వదినా. కథ కాదు, జరిగిందే, వెనకటి రాజుల రోజుల్లో. ఒకాయన తండ్రి రాజుకి ఎదురు తిరిగి చచ్చిపోయాడు. కొడుక్కి కొలువు లేదు, చేలో కలుపు తీసుకుంటూ బతికాడు. ఒకరోజు మధ్యాహ్నం పెళ్ళాం అన్నం మోసుకొచ్చింది. ఇదే అక్షరం వాడారక్కడ. ఆవిడ రెండు చేతులా అందించింది, ఆయన రెండు చేతులా తీసుకున్నాడు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎలా మర్యాద చేస్తారో అలా, ఒకళ్ళనొకళ్ళు. ఆ దారిన పోతున్న మంత్రి చూశాడు. కట్టుకున్నదాన్ని ఇంత గౌరవించేవాడు ప్రజల్ని కూడా గౌరవిస్తాడని, వెంటబెట్టుకెళ్ళి రాజుకి చూపించాడు. రాజు సైన్యంలో పెద్ద పదవి ఇచ్చాడు."

"ఎవరికి?"

"ఆయనకి."

"ఆవిడకో?"

"ఆవిడకేమిచ్చారో రాయలేదు."

"పేరేంటి ఆవిడది?"

ఆయన చదివింది గుర్తు చేసుకున్నారు. ఆయన పేరు ఉంది. ఆయన తండ్రి పేరు ఉంది. దారినపోయిన మంత్రి పేరు, రాజు పేరు, ఇచ్చిన పదవి పేరు ఉన్నాయి. "పేరు రాయలేదు వదినా. ఆయన భార్య అని ఉంది."

"అదీ సంగతి," అంది స్వేలాన్. కోపంగా అనలేదు. రోట్లోంచి ముద్ద తీసి పీట మీద పడేసి, తడిచేత్తో చదును చేయసాగింది. "నాకు చదువు రాదు. కానీ మా అమ్మ రాతి మీద పేరు లేదని తెలుసు. మా నాయనమ్మ రాతి మీదా లేదు. ఏ ఇంటి పిల్లో ఉంటుంది, ఏ ఇంటి కోడలో ఉంటుంది. మీ ఊరి సమాధుల గుట్టంతా వెతకండి, ఒక్క ఆడదాని పేరు దొరకదు. మా చెల్లెల్ని నేను చంకనేసుకుని పెంచాను. స్వేయింగ్, స్వేయింగ్ అని ఏటి ఒడ్డంతా అరిచి పిలిచేదాన్ని, చీకటి పడినా ఇంటికి వచ్చేది కాదు. దాని పేరు ఉంటే ఎర్రగుడ్డ కడతాను. లేకపోతే నా కోసం చూడకండి."

"పేరు రాస్తే వంశపు అక్షరం తీసి రెండు అక్షరాలు పెట్టాలి. అక్కడికే ఒకటి పెరుగుతుంది. ఇది కూడా పెడితే లెక్క జబ్బు మీద ఆగుతుంది. రెండూ పట్టవు."

"అయితే ఏది కావాలో మీరే తేల్చుకోండి. మీ రాయి, మీ లెక్క."

ఇద్దరూ ఉండలు చేస్తూ పోయారు. పొయ్యి మీద వెదురుపళ్ళెంలోంచి ఆవిరి లేస్తోంది. మాస్టారు చేసినవి పక్కకి వాలిపోతుంటే స్వేలాన్ తను చేసిన వాటి మధ్య ఆనించి నిలబెట్టింది.

"దానికి అన్నం మోయడం ఇష్టం లేదనుకోకండి," అంది కొంతసేపటికి, గొంతు తగ్గించి. "నేను దెప్పిపొడిచినట్టు అన్నాను గానీ. మోయడం ఇష్టమే. అన్నం కోసం కాదు, మీకోసం కూడా కాదు, ఏమనుకోకండి. నడక కోసం. ఆ ఒక్క గంటే ఇంట్లో ఎవరూ పిలవరట. మీ అమ్మ గొంతు గడప దాటదు గదా. గట్టు మీద అడ్డంగా వస్తే అరగంటలో మీ చేను. ఏటి వెంబడి చుట్టు తిరిగి వెళ్ళేదట. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేదట. నాతో చెప్పి నవ్వేది. అక్కా, ఆయన చల్లటి అన్నమే తింటాడే, ఒక్కనాడూ అడగడు ఎందుకు చల్లారిందని, అనేది."

మాస్టారి చేతులు ఆగిపోయాయి.

"ఎప్పుడూ చల్లగానే ఉండేది," అన్నారు. "ఇల్లు దూరం కదా, చల్లారకేం చేస్తుంది అనుకునేవాణ్ణి."

"అనుకున్నారు కాబట్టే దాని గంట దానికి మిగిలింది." స్వేలాన్ ఆవిరి మీద మూత ఎత్తి, ఉడికిన ఉండ ఒకటి చాప్‌స్టిక్స్‌తో పట్టి ఆయన గిన్నెలో వేసింది. "తినండి. ఇది వేడిగానే ఉంది."

*

తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు గట్టు దారి వదిలి ఏటి దారి పట్టారు. ఆ చేలు ఇప్పుడు ఎవరివో. కొన్నిట్లో ఆవపూలు పసుపుపచ్చగా పూసి వాలిపోతున్నాయి. ఆయన ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగారు గానీ ఈ దారిన ఎన్నడూ నడిచినట్టు లేదు. పొద్దున బడి, మధ్యాహ్నం నుంచి చేను, రెండింటికీ దగ్గర దారులే తెలుసు. ఏరు ఒకచోట మెలిక తిరిగి మడుగు కట్టింది. బట్టలుతికే బండ ఒకటి నీళ్ళలోకి ఒరిగి ఉంది. మీద చెట్టునీడ. కూర్చోవడానికి ఎవరో చెక్కిపెట్టినంత వీలుగా ఉంది ఆ బండ. ఆయన చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు. పక్కన నిలబడ్డారు. అది తన చోటు కాదనిపించింది.

మధ్యాహ్నాలు ఆమె చేలోకి వచ్చే తీరు గుర్తొచ్చింది. నుదుటి మీద చెమట లేకుండా, మొహం తేటగా. ఎండలో అంత దూరం నడిచొచ్చి కూడా అలా ఉండేదేమిటా అని అప్పుడు ఆశ్చర్యం కలిగేది. బుట్ట మీద గుడ్డ తీసి రెండు చేతులా అందించేది. ఆయన గుడ్డు రెండు ముక్కలు చేసి ఒకటి ఆమె వైపు తోస్తే, ఆమె మళ్ళీ ఆయన వైపు తోసేది. మీరు తినండంటే మీరు తినండని ఇద్దరూ వాదులాడుకుంటుంటే పక్క చేలవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఆ పాత కాలపు జంటలాగే ఉన్నామని ఆయన లోలోపల మురిసిపోయేవారు. చేలో ఉన్నది తనే కాబట్టి ఆ జంటలో మొగుడు తనే అనుకున్నారు. ఆ కథలో ఆడమనిషి ఏ దారిన వచ్చిందో, ఎంతసేపు ఎక్కడ ఆగిందో, ఏం పాడుకుందో అని ఆయనకి ఏనాడూ తోచలేదు. రాసినవాళ్ళకీ తోచలేదు.

అక్షరాన్ని మనసులో మరోసారి గీత గీతా రాసుకున్నారు. అన్నం ఉంది, గిన్నె ఉంది, మూత ఉంది. మోసే మనిషి గుర్తు మాత్రం అందులో ఎక్కడా లేదు.

ఆయనకి ఆ అక్షరం మీద కోపం రాలేదు. చాలా కాలం ఇంట్లో ఉండి వెళ్ళిపోతున్న చుట్టంలాగా అనిపించింది. దాన్ని సాగనంపడానికి కాస్త కష్టంగానే ఉంది. మడుగులో చిన్న చేపలు ఆయన నీడ చూసి పారిపోయి, నీడ కదలకపోయేసరికి తిరిగి వచ్చాయి. అవి వచ్చేదాకా ఉండి, ఆయన బయల్దేరారు.

*

"నేను నిన్నటినుంచి పగిలిన పెంకుల మీద సాధన చేస్తున్నా," అన్నాడు షిగెన్, నాలుగైదు ముక్కలు చూపించి. అన్నిటి మీదా గిన్నె మూత వంకరగా వచ్చింది. "ఇప్పుడొద్దంటారా?"

"వద్దు. పేరు చెక్కు."

"ఆడవాళ్ళ పేరా? గుట్ట మీద ఎక్కడా లేదే. మీ చెంగ్ వంశంవాళ్ళు ఏమన్నా అంటారేమో."

"అంటే నా దగ్గరికి పంపించు. ఎర్రగుడ్డ కట్టేది వాళ్ళు కాదుగా."

"మీ బిరుదో మరి? ఊరికే పోయిందిగా మాస్టారూ. అంత వెతికి తెచ్చారు."

"ఎవరు పిలిచినా ఆమె పలికింది ఆ బిరుదుకి కాదురా," అన్నారు మాస్టారు.

షిగెన్ సిరా నూరిపెట్టాడు. మాస్టారు కుంచె తీసుకుని కాగితం మీద రెండు అక్షరాలు రాశారు. మొదటిసారి ఒక గీత కాస్త వంకరపోయింది. ఇంకో కాగితం మీద మళ్ళీ రాశారు. షిగెన్ మొదటి కాగితమే తీసుకున్నాడు.

"రెండోదే బాగుంది కదరా."

"రెండోది ముద్రలా ఉంది. ఇది చేత్తో రాసినట్టుంది. చెక్కేవాణ్ణి నేను, నాకు తెలుసు. మీరు అక్షరాలు చెప్పండి చాలు."

పండుగకి ముందురోజు స్వేలాన్ వచ్చింది. సంచిలో ఎర్రగుడ్డ, ఇంకో సంచిలో పచ్చటి ఉండలు. షిగెన్ రాతిని గోడనుంచి ఎత్తి రెండు దుంగల మీద పడుకోబెట్టి, నీళ్ళతో కడిగి తుడిచాడు. తడి ఆరుతున్న కొద్దీ అక్షరాలు ఒక్కొక్కటే తెల్లగా తేలాయి. స్వేలాన్ చుట్టూ తిరిగి చూసింది.

"ఏది? ఏది దాని పేరు?"

మాస్టారు హు అన్నదాని కింద వేలు పెట్టారు. "ఇవి రెండూ."

"ఇదేంటి, ఇది?"

"వరికంకి. స్వే. మీ నాన్న కోతలప్పుడు పెట్టి ఉంటాడు."

"దాని కింద?"

"యింగ్. పువ్వు అని కూడా అనొచ్చు, ధైర్యం గల మనిషి అని కూడా."

"ధైర్యమే," అంది స్వేలాన్. "పువ్వేం కాదది." తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, "నా పేర్లో కూడా స్వే ఉందిగా?"

"ఉంది వదినా. ఇదే అక్షరం. అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకే అక్షరం పెట్టారు. మీకు కింద లాన్, తనకి కింద యింగ్."

గుర్తింపు కార్డు మీద, ఆసుపత్రి చీటీల మీద, బ్యాంకులో వేలిముద్ర వేసిన చోటల్లా స్వేలాన్ పేరు ఉండే ఉంటుంది. ఎవరూ చూపించి ఇది నీదని చెప్పలేదేమో. ఆవిడ ఎర్రగుడ్డ చంకలో పెట్టుకుని, రాతి మీదికి వంగి, వరికంకి అక్షరం గాడిలో వేలు పెట్టింది.

"ఇన్ని గీతలా," అంది. "అందుకేనేమో మా నాన్న నన్ను బడికి పంపలేదు. పలకలు చాలవని."

"నాకూ అలాగే అనిపించేది పెద్దమ్మా," అన్నాడు షిగెన్. "ఈయన వినేవాడు కాదు."

"నువ్వు నోర్ముయ్యి. నా రాతి మీద ఇది నువ్వే చెక్కాలి. నా కొడుకులు వంశం, లెక్క అని ఏదో చెబుతారు, వినకు."

"అలాగే. తొందరేం లేదుగా?"

"నాకు లేదు. నీ చెయ్యి ఎప్పటిదాకా పనిచేస్తుందో అది చూసుకో."

షిగెన్ నవ్వుతూ తాడు తేవడానికి వెళ్ళాడు. స్వేలాన్ ఇంకా వంగే ఉంది. వేలు గాడిలోనే ఉంచి, ఒక గీత చివరిదాకా లాగి, ఎత్తి, ఇంకో గీతలో పెట్టింది. కిందిది ముందు, పైది తర్వాత, కుడినుంచి ఎడమకి. ఏ గీత తర్వాత ఏ గీతో మాస్టారు బళ్ళో నేర్పిన క్రమానికి అంతా తిరగబడి సాగింది ఆ వేలు. చూచిరాతలో అలా రాసిన పిల్లల చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటినుంచి దిద్దించడమే జీవితమంతా ఆయన చేసిన పని.

ఆవిడ అక్షరం పూర్తి చేసి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయారు.